అద్దె ఇవ్వని కిరాయిదారును ఖాళీ చేయించమంటే స్టేషన్‌లో ‘సివిల్ మ్యాటర్’ అంటున్నారు: పోలీసులు ఎంతవరకు రాగలరు?

ప్రశ్న: శివారు కాలనీ వాసి

అందరికీ నమస్కారం. హైదరాబాద్ శివారు కాలనీలో మాకు రెండంతస్తుల ఇల్లు ఉంది. కింది భాగంలో మా అమ్మగారు ఒక్కరే ఉంటున్నారు. నాన్నగారు పోయిన తర్వాత పై పోర్షన్ మీద వచ్చే అద్దే ఆమె ఇంటి ఖర్చులకూ మందులకూ ఆధారం. నేను ఉద్యోగరీత్యా పుణెలో ఉంటున్నాను. పై పోర్షన్‌లో ఉన్న కుటుంబం మొదట్లో అద్దె సక్రమంగానే ఇచ్చింది. తర్వాత వ్యాపారం దెబ్బతిన్నదని చెప్పి సగం సగం ఇస్తూ వచ్చి, ఇప్పుడు కొన్ని నెలలుగా పూర్తిగా ఆపేశారు. అడ్వాన్సుగా తీసుకున్న సొమ్ము ఎప్పుడో బాకీ కింద జమైపోయింది. పదకొండు నెలల అగ్రిమెంటు గడువు దాటిపోయింది, మళ్ళీ రాసుకోలేదు. ఖాళీ చేయమని అడిగితే పిల్లల పరీక్షలు అయ్యాక చూద్దామంటున్నారు. గట్టిగా అడిగితే, ‘ఏం చేసుకుంటారో చేసుకోండి’ అని ఆ ఇంటాయన మెట్ల మీద నుంచే అమ్మతో అన్నారట.

అమ్మ మా పరిధిలోని స్టేషన్‌కు వెళ్ళి పిటిషన్ ఇచ్చారు. అక్కడి అధికారి మర్యాదగానే కూర్చోబెట్టి మాట్లాడారు కానీ, ‘ఇది సివిల్ మ్యాటర్ అమ్మా, కోర్టుకు వెళ్ళండి’ అని పంపించేశారు. కోర్టు అంటే ఎక్కడికి వెళ్ళాలో, ఎవరిని కలవాలో ఆమెకు తెలియదు. ఈలోగా బంధువులు ఎవరికి తోచిన సలహా వారు ఇస్తున్నారు. మీటరు దగ్గర ఫ్యూజు తీసేయమని ఒకరు, పైకి నీళ్ళు ఎక్కించే మోటారు ఆపేయమని మరొకరు, పండక్కి వాళ్ళు ఊరెళ్ళినప్పుడు మరో తాళం వేసేస్తే దారికి వస్తారని ఇంకొకరు చెబుతున్నారు.

నా సందేహాలు రెండు. ఇల్లు మాది, అగ్రిమెంటు ముగిసింది, అద్దె రావడం లేదు. ఇన్ని స్పష్టంగా ఉన్నా పోలీసులు ఎందుకు జోక్యం చేసుకోరు? అద్దెకు ఇచ్చినవారి వివరాలన్నీ స్టేషన్‌లో ఇవ్వాలని మా కాలనీ సమావేశానికి వచ్చి మరీ చెప్పారు కదా, కష్టం వచ్చినప్పుడు ఆ వివరాలు ఇంటివారికి ఏ విధంగా ఉపయోగపడతాయి? శాఖలో పనిచేస్తున్నవారు ఎవరైనా ఉంటే దయచేసి వివరంగా చెప్పగలరు.

జవాబు: సెక్టార్ ఎస్ఐ

నేను నగరంలోని ఒక స్టేషన్‌లో సెక్టార్ ఎస్ఐగా పనిచేస్తున్నాను. ఇక్కడ రాసేవి నా సొంత అభిప్రాయాలు, వీటిని శాఖ మాటగా తీసుకోవద్దు.

మీ అమ్మగారికి చెప్పిన మాట చట్టప్రకారం సరైనదే, కానీ అది సగం జవాబు. స్టేషన్ మెట్లు ఎక్కిన పెద్దావిడకు ‘ఇది మా పని కాదు’ అని చెప్పే అధికారి, ఆ పని ఎవరిదో, ఆ ఆఫీసు ఎక్కడుందో కూడా ఒక కాగితం మీద రాసి ఇవ్వాలి. ఆ రెండో సగం చెప్పకపోవడం వల్లనే ‘సివిల్ మ్యాటర్’ అన్న మాట జనానికి ‘పొమ్మనడం’లాగా వినిపిస్తోంది. ఇది మా వైపు నుంచి సరిదిద్దుకోవలసిన విషయమని నేను గట్టిగా నమ్ముతాను.

ఇక అసలు ప్రశ్నకు వస్తాను. అద్దె ఇవ్వకపోవడం నేరం కాదు. 2022లో నీతూ సింగ్ కేసులో సుప్రీంకోర్టు ఈ విషయం తేల్చి చెప్పింది. అద్దె బాకీ పడినందుకు సివిల్ పరిణామాలు ఉండవచ్చు గానీ అది శిక్షాస్మృతి కింద నేరం కాదంటూ ఆ కిరాయిదారుల మీద పెట్టిన ఎఫ్ఐఆర్‌ను కొట్టేసింది. నేరమే లేనప్పుడు ఒక మనిషిని స్టేషన్‌కు పిలిపించి ‘ఎప్పుడు ఖాళీ చేస్తావు’ అని అడిగే అధికారం నాకు లేదు. ఈ ప్రశ్న నేను నోటితో కూడా అడగను. ఖాకీ బట్టల్లో ఉన్నవాడి నోటి నుంచి వస్తే అది ప్రశ్నగా ఉండదు, గడువు అవుతుంది. ఎదుటి మనిషి భయంతో ఏ తేదీకైనా తలూపుతాడు, ఏ కాగితం మీదైనా సంతకం చేస్తాడు.

చట్టం సంగతి పక్కనపెట్టి చూసినా, ఇలా ఉండడమే ఇంటి యజమానులకు కూడా క్షేమమని నా అభిప్రాయం. మీ అమ్మగారి మాట నిజమేనని నాకు అనిపించవచ్చు. కానీ ఆమె మాట మీద ఈరోజు ఒక కుటుంబాన్ని బయటకు పంపే స్టేషన్, రేపు పలుకుబడి ఉన్న మరొకరి మాట మీద మీలాంటి కుటుంబాన్నే బయటకు పంపుతుంది. అద్దె చెల్లింపుల లెక్క చూడడానికి, రసీదు నిజమైనదో కాదో తేల్చడానికి, రెండు వైపులా సాక్షులను ప్రశ్నించడానికి స్టేషన్‌లో ఏర్పాటే లేదు. అక్కడ నిర్ణయం జరిగితే గొంతు పెద్దదిగా ఉన్నవారికో, ముందు వచ్చినవారికో, ఫోను చేయించగలిగినవారికో అనుకూలంగా జరుగుతుంది. ఒక మనిషి ఇంట్లో ఉండాలా వద్దా అన్నది అలా తేలకూడదు.

బంధువుల సలహాల విషయంలో మాత్రం చాలా జాగ్రత్తగా ఉండమని వేడుకుంటున్నాను. అగ్రిమెంటు గడువు ముగిసినా ఆ పోర్షన్ ఇప్పటికీ కిరాయిదారు స్వాధీనంలోనే ఉన్నట్టు లెక్క. స్థిరంగా స్వాధీనంలో ఉన్న వ్యక్తికి అక్కడ ఉండే హక్కు లేదనుకున్నా సరే, అతణ్ణి చట్టబద్ధమైన పద్ధతిలో తప్ప యజమాని బయటకు పంపడానికి వీల్లేదని సుప్రీంకోర్టు 1989లో కృష్ణారామ్ మహాలే కేసులోనే చెప్పింది. మీరు తాళం వేసిన రోజున ఏం జరుగుతుందో మాకు అలవాటైన దృశ్యమే. ఊరి నుంచి తిరిగి వచ్చిన కుటుంబం రాత్రిపూట బ్యాగులతో స్టేషన్‌కు వస్తుంది. ఫోనులో తాళం ఫోటో ఉంటుంది. లోపల పిల్లల పుస్తకాలు, పెద్దవారి షుగరు మందులు ఉండిపోయాయని చెబుతారు. అప్పుడది సివిల్ మ్యాటర్ కాదు. వెళ్ళే హక్కు ఉన్న చోటికి మనిషిని వెళ్ళకుండా ఆపడం పాత శిక్షాస్మృతి స్థానంలో వచ్చిన భారతీయ న్యాయసంహిత 126వ సెక్షన్ కింద నేరం. తాళం పగలగొట్టి లోపలికి వెళ్తే 329 కింద అక్రమ ప్రవేశం అవుతుంది, ఇల్లు మీదే అయినా సరే, ఎందుకంటే ఆ సెక్షన్ చూసేది స్వాధీనాన్ని. విచారణార్హమైన నేరం కనిపిస్తే ఎఫ్ఐఆర్ నమోదు చేసి తీరాలని 2013లో లలితా కుమారి తీర్పు మాకు స్పష్టంగా చెప్పింది. అంతవరకు బాధితురాలిగా ఉన్న మీ అమ్మగారు ఒక్క రాత్రిలో నిందితురాలు అవుతారు. పైగా సామాను బయట పెట్టించి ఉంటే, బీరువాలో బంగారం ఉండేదని అవతలివారు చెప్పినప్పుడు లేదని రుజువు చేయడం ఎవరి వల్లా కాదు. ఫ్యూజు తీయడం, నీళ్ళు ఆపడం కూడా ఇదే దారిలో నడిపిస్తాయి. కోర్టుకు వెళ్ళినప్పుడు న్యాయమూర్తి ముందు మీ వైపు ఉన్న న్యాయం కూడా వాటితో పలచనవుతుంది.

మరి పోలీసుల వల్ల మీకు జరిగే మేలేమిటి? ఖాళీ చేయించడంలో లేదు గానీ, మీ అమ్మగారి భద్రత విషయంలో చాలానే ఉంది. ‘ఏం చేసుకుంటారో చేసుకోండి’ అన్న మాట బెదిరింపు స్థాయికి వెళ్ళినా, ఆయన కింది పోర్షన్‌లోకి దూసుకొచ్చినా, చేయి ఎత్తినా వెంటనే 100కి గానీ 112కి గానీ ఫోను చేయమనండి. అటువంటి సందర్భంలో సివిల్ మ్యాటర్ అనే మాట అనడానికి ఏ అధికారికీ వీల్లేదు. గొడవలు మళ్ళీ మళ్ళీ జరిగితే శాంతిభద్రతల దృష్ట్యా బైండోవర్ చేయించే, అంటే ఇకమీదట గొడవ చేయనని పూచీకత్తు రాయించే అవకాశం మాకు ఉంది. ఇంకొకటి, వయోవృద్ధుల సంక్షేమానికి 2007లో చేసిన చట్టం కింద రాష్ట్రాలు రూపొందించుకున్న నియమాల ప్రకారం, ఒంటరిగా ఉంటున్న పెద్దల జాబితా స్టేషన్‌లో ఉండాలి, వారిని అప్పుడప్పుడు వెళ్ళి చూసి రావాలి. మీ అమ్మగారి పేరు ఆ జాబితాలో రాయించండి. బైకుల మీద గస్తీ తిరిగే బ్లూకోల్ట్స్ కానిస్టేబుళ్ళు వారానికోసారి గేటు దగ్గర బండి ఆపి, ‘అమ్మా, బాగున్నారా’ అని పలకరించి వెళ్తే పై పోర్షన్‌లోని మాట తీరు దానంతట అదే మారుతుంది. ఎవరినీ బెదిరించనక్కరలేదు.

నా అనుభవంలో అద్దె తగాదాలు మొదట డబ్బు దగ్గర మొదలుకావు. సంపులో నీళ్ళు, బండి పెట్టుకునే చోటు, ఇంటికి వచ్చే చుట్టాలు, మేడ మీద బట్టలు ఆరేయడం, వీటి దగ్గర మొదలై, మనసులు విరిగాక అద్దె ఆగుతుంది. ఆ వీధిలో ప్రతిరోజూ తిరిగే కానిస్టేబులుకు ఈ సంగతి ముందే తెలుస్తుంది. ఆ దశలో ఇద్దరినీ ఒకచోట, ఇద్దరికీ కుర్చీ వేసి, ఇద్దరి ఎదుటా ఒకే మాట చెప్పగలిగితే చాలా తగాదాలు స్టేషన్ దాకా రావు. స్థానిక పోలీసింగ్ అంటే నా దృష్టిలో ఇదే. పిటిషన్ల సంఖ్యతో దీన్ని కొలవలేం, అందువల్లనే ఈ పనికి రావలసినంత గుర్తింపు రాదు.

2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ సమయంలో మూడు నెలలపాటు అద్దెల కోసం ఒత్తిడి చేయవద్దని, తర్వాత వాయిదాల్లో తీసుకోవాలని తెలంగాణ ప్రభుత్వం ప్రకటించి, ఎవరైనా వేధిస్తే 100కి ఫోను చేయమని చెప్పింది. అప్పుడు నేను వెళ్ళిన ఇళ్ళలో పనిపోయిన కిరాయిదారులు ఎంతమంది కనిపించారో, ఆ అద్దె తప్ప వేరే ఆదాయం లేని ముసలివారు కూడా అంతమంది కనిపించారు. యజమాని అంటే బలవంతుడు, కిరాయిదారు అంటే బలహీనుడు అని గానీ, దానికి తిరగేసి గానీ అనుకుని వెళ్ళకూడదని ఆ నెలల్లో మా సిబ్బందికి బాగా అర్థమైంది.

జవాబు: మియాపూర్ కిరాయిదారు

ఎస్ఐగారు చెప్పిన పద్ధతిలో అన్ని స్టేషన్లూ నడిస్తే నాకు ఈ నాలుగు మాటలు రాయవలసిన అవసరం ఉండేది కాదు. నాకు ఎదురైన సంగతి వేరు. మా ఓనరుగారికి తెలిసినవారు ఒకరు స్టేషన్‌లో ఉన్నారు. నేను ఏ నెలా అద్దె ఆపలేదు. ఇల్లు ఎక్కువ అద్దెకు వేరేవారికి ఇవ్వాలన్నది ఆయన ఉద్దేశం. ఒకరోజు ఫోను వచ్చింది, ‘మీ మీద కంప్లయింటు ఉంది, సాయంత్రం స్టేషన్‌కు రండి’ అన్నారు. కంప్లయింటులో ఏముందో చూపించలేదు. ఓనరుగారు లోపల కూర్చుని ఉన్నారు, నేను నిలబడి ఉన్నాను. ఆదివారంలోగా ఖాళీ చేస్తానని తెల్లకాగితం మీద రాయించి సంతకం పెట్టించుకున్నారు. చదువుకున్నవాణ్ణి, ఉద్యోగం చేస్తున్నవాణ్ణి, అయినా ఆ గదిలో కాదని చెప్పే ధైర్యం నాకు రాలేదు. ఇల్లు ఖాళీ చేశాక రంగులకూ మరమ్మతులకూ అని అడ్వాన్సులో చాలా భాగం పట్టుకున్నారు. అది అడగడానికి అదే స్టేషన్‌కు వెళ్తే, ఈసారి సివిల్ మ్యాటర్ అని చెప్పారు.

ఓనరు అడిగినప్పుడు కానిది, కిరాయిదారు అడిగినప్పుడు మాత్రమే సివిల్ మ్యాటర్ ఎలా అవుతుంది? ఇటువంటి ఫోను వచ్చినప్పుడు మేము ఏం చేయాలో ఎస్ఐగారు చెబితే నాలాంటివారికి మేలు చేసినవారవుతారు.

మరో విషయం కూడా అడగాలనుకుంటున్నాను. మా పక్క వీధిలో అద్దెకు ఉంటున్న ఒక కుటుంబంలో పెద్దాయన ఆసుపత్రిలో చనిపోతే, శవాన్ని ఇంటికి తేవడానికి వీల్లేదని ఓనరు గేటు మూసేశారు. ఇది మన దగ్గర కొత్తగా వినే సంగతి కాదు, తెలంగాణ జిల్లాల నుంచి ఇటువంటి వార్తలు ఏటా వస్తూనే ఉన్నాయి. ఇందులో పోలీసులు చేయగలిగింది ఏమైనా ఉందా, లేక ఇదీ ఇంటివారి ఇష్టమేనా?

జవాబు: సివిల్ న్యాయవాది, రంగారెడ్డి

ప్రశ్న అడిగినవారికి కోర్టు దారి ఎలా ఉంటుందో చెబుతాను, ఎందుకంటే స్టేషన్‌లో చెప్పకుండా వదిలేసిన సగం అదే.

ముందుగా మీ ఇల్లు అద్దె నియంత్రణ చట్టం కిందకు వస్తుందా అన్నది చూసుకోవాలి. 1960 నాటి ఆ చట్టానికి 2005లో చేసిన సవరణతో, కార్పొరేషన్ ప్రాంతాల్లో నెల అద్దె 3,500 రూపాయలు, ఇతర ప్రాంతాల్లో 2,000 రూపాయలు దాటిన కట్టడాలు దాని పరిధి నుంచి బయటకు వెళ్ళాయి. ఈనాటి అద్దెలను బట్టి చూస్తే మీది కచ్చితంగా దానికి వెలుపలే ఉంటుంది. కాబట్టి రెంట్ కంట్రోలర్ దగ్గరకు కాక, ఆస్తి బదిలీ చట్టం ప్రకారం సివిల్ కోర్టుకు వెళ్ళాలి. గడువు ముగిసినా మీరు అద్దె తీసుకుంటూ కొనసాగనిచ్చారు గనుక ఇది నెలవారీ అద్దె కిందకు వస్తుంది. ఆ చట్టంలోని 106వ సెక్షన్ ప్రకారం 15 రోజుల గడువుతో అద్దె ఒప్పందం రద్దు చేస్తున్నట్టు లిఖితపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. రిజిస్టర్డ్ పోస్టులో పంపి, అందినట్టు రసీదు భద్రపరచుకోండి. నోటీసు పంపిన తర్వాత వచ్చే సొమ్మును ఏ పేరుతో తీసుకుంటున్నారో కూడా మీ న్యాయవాదిని అడిగి రాతపూర్వకంగా పెట్టుకోండి. అద్దెగా తీసుకుంటే ఒప్పందాన్ని మళ్ళీ కొనసాగించినట్టేనని అవతలివారు వాదించడానికి ఆస్కారం ఉంటుంది.

నోటీసు గడువు దాటితే ఖాళీ చేయించడానికీ బాకీ వసూలుకూ కలిపి దావా వేయవచ్చు. చాలామందికి తెలియని మంచి వెసులుబాటు ఒకటి మన దగ్గర ఉంది. సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మన హైకోర్టు చేర్చిన 15-ఏ ఆర్డరు ప్రకారం, ఇటువంటి దావాలో ప్రతివాది బాకీ ఉన్న అద్దెను కోర్టులో జమ చేసి, దావా నడిచినంతకాలం ప్రతినెలా జమ చేస్తూ పోవాలి. చేయకపోతే అతని వాదనను కొట్టివేసే అధికారం కోర్టుకు ఉంది. అద్దె ఎగ్గొడుతూ వాయిదాలు గుంజే ప్రతివాదుల విషయంలో నేను చూసినంతవరకు ఇంతకంటే పనిచేసే అస్త్రం లేదు, కానీ దీనికి విడిగా దరఖాస్తు వేసే యజమానులు తక్కువ.

దావా అంటే కాలం పడుతుంది, ఆ మాట దాచను. అందువల్ల ముందుగా జిల్లా న్యాయసేవాధికార సంస్థలో ప్రీ లిటిగేషన్ కేసు, అంటే దావాకు ముందే రాజీ కోసం వేసే కేసు, వేయమని నా సలహా. 15100కి ఫోను చేసినా దారి చెబుతారు. మీ అమ్మగారు మహిళ కాబట్టి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయానికి అర్హురాలు. బాకీలో కొంత వదులుకుని, పిల్లల పరీక్షలు ముగిశాక ఫలానా తేదీన ఖాళీ చేసేలా రాజీ కుదిరితే దాన్ని లోక్ అదాలత్ అవార్డుగా రాయించుకోండి. అది కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు ఉండదు. ఆ తేదీకి ఖాళీ చేయకపోతే నేరుగా అమలు పిటిషన్ వేస్తారు. అప్పుడు కోర్టు ఉత్తర్వు అమలు చేసే ఉద్యోగి (బెయిలీఫ్) వస్తాడు, అవసరమైతే కోర్టు పోలీసు సహాయానికి ఉత్తర్వు ఇస్తుంది. పోలీసులు మీ కోసం ఆ మెట్లు ఎక్కవలసిన రోజు అది.

మియాపూర్ నుంచి రాసినవారికి ఒక మాట. బలవంతంగా స్వాధీనం కోల్పోయిన కిరాయిదారు, స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం 6వ సెక్షన్ కింద ఆరు నెలల్లోగా దావా వేస్తే హక్కు ఎవరిదన్న చర్చ లేకుండానే స్వాధీనం తిరిగి పొందవచ్చు. మీ సందర్భంలో సంతకం తీసుకున్న తీరును కూడా ప్రశ్నించవచ్చు. ఎస్ఐగారితో నేను ఒక్కచోట విభేదిస్తాను. సివిల్ మ్యాటర్ అన్న మాట చాటున అసలైన మోసాలు కూడా స్టేషన్ గడప దగ్గరే ఆగిపోతున్నాయి. ఫ్లాట్లు యజమానుల నుంచి నెల అద్దెకు తీసుకుని, తామే యజమానులమన్నట్టు లక్షల్లో లీజు సొమ్ము తీసుకుని ఇతరులకు ఇచ్చి పారిపోయే దళారీల బాధితులు నా దగ్గరకు వస్తుంటారు. అది మొదటి రోజు నుంచే మోసగించే ఉద్దేశంతో చేసిన పని, న్యాయసంహిత 318వ సెక్షన్ కిందకు వచ్చే నేరం. వారిని కూడా కోర్టుకు వెళ్ళమని పంపడం న్యాయం కాదు.

జవాబు: శివారు కాలనీ వాసి

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. మోటారు, తాళం జోలికి వెళ్ళవద్దని అమ్మకు, బంధువులకు ఈరోజే ఫోనులో చెప్పాను. న్యాయసేవాధికార సంస్థకు వెళ్ళడానికి వచ్చే వారం సెలవు పెట్టి వస్తున్నాను, నోటీసు కూడా అప్పుడే పంపిస్తాను. కిరాయిదారుల వివరాల సంగతి మాత్రం మిగిలిపోయింది. ఇప్పటివరకు మేము స్టేషన్‌లో ఇవ్వలేదు. గొడవ నడుస్తుండగా ఇప్పుడు ఇస్తే కక్షతో చేసినట్టు అవుతుందా?

జవాబు: సెక్టార్ ఎస్ఐ

న్యాయవాదిగారు చెప్పినది పూర్తిగా ఒప్పుకుంటున్నాను. సొమ్ము తీసుకునే నాటికే మోసం చేసే ఉద్దేశం కనిపిస్తే అది మేము దర్యాప్తు చేయవలసిన నేరమే. సైనిక అధికారినని చెప్పి, ఇల్లు చూడకుండానే అడ్వాన్సు పంపుతానంటూ క్యూఆర్ కోడ్ పంపించి యజమాని ఖాతానే ఖాళీ చేసే ముఠాలు కూడా ఉన్నాయి. సొమ్ము రావడానికి ఎవరూ కోడ్ స్కాన్ చేయనక్కరలేదు. పోయిన వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలి, ఆలస్యమయ్యేకొద్దీ సొమ్ము ఖాతాలు మారిపోతుంది.

మియాపూర్ నుంచి రాసినవారికి జరిగినది తప్పు. ఒకరికి కుర్చీ వేసి మరొకరిని నిలబెట్టినప్పుడే అక్కడ నిర్ణయం జరిగిపోయింది. ఇకముందు ఎవరికైనా అటువంటి ఫోను వస్తే, ఫోను చేసినవారి పేరు, హోదా అడిగి రాసుకోండి. కేసులో సాక్షిగా పిలవాలంటే లిఖితపూర్వకంగా పిలవాలి. నేర విచారణ పద్ధతులను చెప్పే నాగరిక సురక్షా సంహిత 179వ సెక్షన్ ప్రకారం మహిళలను, 60 ఏళ్ళు దాటినవారిని అలా స్టేషన్‌కు రమ్మని బలవంతం చేయడానికి వీల్లేదు, వారుండే చోటికే వెళ్ళి మాట్లాడాలి. నిందితుడిగా పిలవాలంటే 35వ సెక్షన్ కింద నోటీసు ఇవ్వాలి. ఇవేవీ లేని పిటిషన్ మీద పిలిస్తే వెళ్ళవచ్చు, వెళ్ళడం వల్ల చాలాసార్లు అపార్థాలు తొలగుతాయి కూడా, కానీ ఒంటరిగా వెళ్ళవద్దు. పిటిషన్ చదివి వినిపించమనండి. ఖాళీ చేస్తానని గానీ, ఇంత ఇస్తానని గానీ స్టేషన్‌లో రాసి ఇవ్వవలసిన పని ఎవరికీ లేదు. ఒత్తిడికి లోనై సంతకం పెట్టి ఉంటే, ఆలస్యం చేయకుండా జరిగినది జరిగినట్టు రాసి ఏసీపీకి, డీసీపీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి. ఆ కాగితం విలువను తర్వాత ప్రశ్నించడానికి ఆ ఒక్క కవరు ఆధారమవుతుంది.

చావు విషయం నన్ను చాలా బాధపెట్టే సంగతి. ఒక రాత్రి పెట్రోలింగ్‌లో ఉండగా ఇటువంటి పిలుపే వచ్చింది. వెళ్ళేసరికి అంబులెన్సు ఇంటి ముందు ఆగి ఉంది, వెనక తలుపు తెరిచి ఉంది, లోపల దుప్పటి కప్పిన పెద్దావిడ. డ్రైవరు మరో కాల్ ఉందని తొందరపెడుతున్నాడు. గేటుకు లోపలివైపు ఓనరు దంపతులు నిలబడి, ఇల్లు ఆరు నెలలు పాడుపెట్టవలసి వస్తుందని, పూజలు చేయించుకునే స్తోమత తమకు లేదని చెబుతున్నారు. వారిది దుర్మార్గం కాదు, భయం. అయినా చట్టంలో దానికి చోటు లేదు. కిరాయి చెల్లిస్తున్న కుటుంబానికి ఆ ఇంట్లోకి రాకపోకల హక్కు ఉంది, ఆ ఇంట్లో ఉన్న మనిషి చనిపోతే ఆమెను అక్కడికి తీసుకువచ్చే హక్కు కూడా అందులోనే ఉంది. గేటు మూసి ఆపితే 126వ సెక్షన్ వర్తిస్తుంది. ఆ సంగతి నెమ్మదిగానే చెప్పాను. మా హెడ్ కానిస్టేబులు వయసులో పెద్దవాడు, ‘మన ఇంట్లో జరిగితే ఎక్కడికి తీసుకెళ్తామమ్మా’ అని ఇంటావిడతో అన్నాడు. ఆమే తాళం తీసింది. ఎదురింటివారు వచ్చి కుర్చీలు తెచ్చి వేశారు, తెల్లారేసరికి వీధిలో టెంటు వేయించారు. ఇటువంటప్పుడు ఎవరికైనా నా సలహా ఒకటే: వాదనకు దిగకుండా వెంటనే 100కి ఫోను చేయండి. టెంటు కింద, చెట్టు కింద పెట్టుకుని రాత్రంతా గడపవలసిన అగత్యం లేదు. పెట్రోలింగ్‌కు వెళ్ళే మా సిబ్బంది కూడా ఇది ఇంటివారి ఇష్టమని చెప్పి వెనక్కు రాకూడదు.

ఇక కిరాయిదారుల వివరాలు. మేము అడగడానికి కారణం ఉంది. 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో జంట పేలుళ్ళకు పాల్పడినవారు నగర శివారులో అద్దెకు దిగి ఏర్పాట్లు చేసుకున్నారు. సైబర్ మోసాల ముఠాలు, దొంగతనాలు చేసి ఊళ్ళు మారేవారు కూడా ముందుగా వెతుక్కునేది ప్రశ్నలు అడగని ఇంటినే. కమిషనర్ ఉత్తర్వు అమలులో ఉన్నచోట వివరాలు ఇవ్వకపోతే యజమాని మీద న్యాయసంహిత 223వ సెక్షన్ కింద చర్యకు అవకాశం ఉంటుంది. విదేశీయులకు ఇల్లు ఇస్తే 24 గంటల్లో వారి వివరాలు అధికారులకు సమర్పించాలి, మన నగరంలో విదేశీ విద్యార్థులకు గదులు ఇచ్చే చాలామందికి ఈ సంగతి తెలియదు.

అయితే వివరాలు తీసుకోవడమంటే ఆ మనిషి మంచివాడని మేము హామీ ఇచ్చినట్టు కాదు, అతని మీద యజమానికి కొత్త అధికారం వచ్చినట్టూ కాదు. పెళ్ళికాని కుర్రాళ్ళకు, ఒంటరి మహిళలకు, ఫలానా కులం వారికి, ఫలానా మతం వారికి ఇల్లు ఇవ్వకపోవడానికి పోలీసు వెరిఫికేషన్‌ను సాకుగా చెబుతున్న యజమానులను చూస్తున్నాను. మేము అడిగేది గుర్తింపు, ఫోను నంబరు, సొంత ఊరి చిరునామా మాత్రమే. కులమతాలతో మాకు పని లేదు, కాలనీ సంఘాలు తయారుచేసుకునే ఫారాల్లో ఆ గడులు ఉంటే తీసేయమని నా పరిధిలో చెబుతూ వస్తున్నాను.

మీరు ఇప్పుడు ఇవ్వడంలో తప్పులేదు. కానీ ఆ ఫారంలో అద్దె బాకీ గురించి, గొడవ గురించి ఏమీ రాయవద్దు. కిరాయిదారుకు చెప్పి, ఆయన చేతనే వివరాలు నింపించి సంతకం తీసుకోండి. ఆధార్ నకలు ఇస్తే మొదటి ఎనిమిది అంకెలు కనిపించని మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వమనండి, నకలు మీద ‘అద్దె ఇంటి వివరాల కోసం మాత్రమే’ అని, తేదీతో సహా రాయమనండి. ఆయన నిరాకరిస్తే బలవంతపెట్టకుండా, మీ దగ్గరున్న అగ్రిమెంటు నకలును ఒక ఉత్తరంతో జతచేసి ఇచ్చి, అందినట్టు స్టాంపు వేయించుకోండి. అదే రోజున అమ్మగారిని వెంట తీసుకువెళ్ళి మీ సెక్టార్ ఎస్ఐకి పరిచయం చేయండి. ఆమె ఫోనులో ఆయన నంబరు, ఆయన ఫోనులో ఆమె నంబరు ఉండేలా చూసుకుని పుణెకు తిరిగి వెళ్ళండి.